పలనాటి యోటు – ఏకగ్రీవము

2021వ సంవత్సరము మార్చి నెలలో ఆంధ్రప్రదేశమునందలి పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగెను. ఆ నెల 10వ తేదీని తక్కిన పట్టణములలో జనులు బారులు తీరి ఓట్లు వేయుచుండగా, మన పలనాటిలోని మాచర్ల, పిడుగురాళ్ల పట్టణములలో మాత్రము పోలింగు గదుల తలుపులు తెఱవవలసిన పని లేకపోయెను. మాచర్లలో 31 వార్డులు, పిడుగురాళ్లలో 33 వార్డులు; ఒక్కటియు మిగులక అన్నియు నాటి అధికారపక్షమైన వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 'ఏకగ్రీవము'గా దక్కెను. రాష్ట్రము మొత్తముమీద ఇట్లు పూర్తిగా ఏకగ్రీవమైన పురములు నాలుగే. పులివెందుల, పుంగనూరు పోగా మిగిలిన రెండును మనవే.

అంతకు రెండేండ్ల ముందు, 2019లో, మాచర్ల నియోజకవర్గమున శాసనసభ కెన్నిక జరిగినప్పుడు ఓడిపోయిన తెలుగుదేశము అభ్యర్థికి సైతము ఎనుబది వేలకు పైబడి ఓట్లు వచ్చెను. మూడేండ్ల తరువాత, 2024లో, అదే నియోజకవర్గమున ఆ పక్షము ముప్పదిమూడు వేల యాధిక్యముతో గెలిచెను. పిడుగురాళ్ల చేరియున్న గురజాలలోను అధికారపక్షము ఓడెను. అట్లయిన నడుమ 2021లో ఆ యెనుబది వేలమంది యేమైరి? ఒక పట్టణమునందలి ముప్పదియొక్క వార్డులలో ఎదురుపక్షమున నిలువదగిన యొక్క మనుష్యుడైనను లేకపోయెనా? అభిప్రాయములు మాఱవచ్చును, మాఱుట తప్పును గాదు. కాని వేలకొలది జనుల యభిప్రాయము ఒక్క మార్చి నెలలో మాయమై, మఱల మూడేండ్లకు మే నెలలో మొలచుట ప్రకృతిలో లేదు. ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి 2021 నాటిది జనాభిప్రాయము గాదనియు, జనుల మౌనమనియు వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆ మౌన మెట్లు కలిగెనో కూడ లోకమునకు తెలిసినదే. నామినేషన్ల కాలమున, 2020 మార్చి 11న, ఎదురుపక్షపు నాయకులు మాచర్లకు రాగా వారి కారుపై పట్టపగలు కఱ్ఱతో జరిగిన దాడిని దేశమంతయు తెరలమీద చూచెను.

ఈ 'ఏకగ్రీవము' అను మాటను గూర్చి కొంత విచారింపవలసి యున్నది. గ్రీవ మనగా మెడ. అందఱును ఒక్క మాట పలికిరనుటకు ఏకకంఠ మనిన చాలియుండగా, మనవారు మెడ నేల తెచ్చిరో తెలియదు గాని, తెలిసియో తెలియకయో సరియైన మాటనే తెచ్చిరి. కంఠమున స్వరముండును. మెడమీద నుండునది కాడి. రోమక చక్రవర్తియైన కాలిగులా తన ప్రజల కందఱకును కలిపి ఒక్కటే మెడ యుండిన బాగుండునని కోరెనట. ఆతని కోరిక రోమునందు తీఱలేదు. మన పురములలో రెండింట అయిదేండ్లపాటు తీఱినది.

"ఏకగ్రీవమైన యూరు చల్లగా నుండును, పోటీ యున్నచో కక్షలు పెరుగును" అని పెద్దలు పలువురు వాదింతురు. ప్రభుత్వములు కూడ ఈ వాదమునకు కానుకలు కట్టినవి. 2021 పంచాయతీ ఎన్నికల వేళ ఏకగ్రీవమైన గ్రామములలో రెండువేలలోపు జనులున్న దానికి 5 లక్షలు, అయిదువేలలోపు దానికి 10 లక్షలు, పదివేలలోపు దానికి 15 లక్షలు, అంతకు మించినదానికి 20 లక్షల రూపాయలు నజరానాగా ప్రకటింపబడెను. ఈ యలవాటు ఆ ప్రభుత్వముతోనే పుట్టినది కాదు. మునుపటి ప్రభుత్వములును ఇచ్చినవి. గుజరాతులో 2001 నుండి 'సమరస' గ్రామములను పేర ఇట్టి పథకమే కలదు. కావున ఒక పక్షమును నిందించి ఊరకుండిన చాలదు. ఊరివారు కూర్చుండి, మాటాడుకొని, ఒక యోగ్యునిగాని యోగ్యురాలినిగాని ఎన్నుకొనుట మంచిదే. అట్టి గ్రామములు లేకపోలేదు. కాని నిజమైన యేకాభిప్రాయమునకును, బెదరించి తెచ్చిన దానికిని భేదము కనుగొనుట కష్టము గాదు. ఆ యూరిలో రెండవవాడు ఒకడు నామినేషను వేసి, ఆ రాత్రి తన యింట సుఖముగ నిదురింపగలిగెనా లేదా? ఇదియే పరీక్ష. నిదురింపగలిగియుండియు ఎవడును వేయనిచో అది సామరస్యము. లేనిచో దానికి ప్రభుత్వ మిచ్చిన ఇరువది లక్షలు బెదరించినవానికి జీతము.

పలనాటి జనులు ఏ పక్షమువారు? ఈ ప్రశ్నకు పత్రికలవారును, హైదరాబాదున కూర్చున్న పండితులును సులభముగ ఉత్తరము చెప్పుదురు: ఫలాని కులము ఫలాని పక్షము, ఫలాని గ్రామము ఫలాని నాయకునిది అని. మేము వ్యతిరేకించుచున్నది ఈ యుత్తరమునే. లెక్కలు చూడుడు. నరసరావుపేట లోక్‌సభ స్థానమునుండి 1998లో కొణిజేటి రోశయ్యగారు, 1999లో నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు, 2004లో మేకపాటి రాజమోహనరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. 2009లో మోదుగుల వేణుగోపాలరెడ్డిగారును, 2014లో రాయపాటి సాంబశివరావుగారును తెలుగుదేశము పక్షమున గెలిచిరి. 2019లో ఆ లోక్‌సభ స్థానమును, దాని క్రిందనున్న ఏడు శాసనసభా స్థానములును వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు వచ్చెను. 2024లో ఆ యేడును తెలుగుదేశమునకు వచ్చెను. లోక్‌సభ సభ్యులు మాత్రము రెండు పర్యాయములును లావు శ్రీకృష్ణదేవరాయలుగారే. మొదట ఒక పక్షమున, తరువాత రెండవ పక్షమున. ఇక మాచర్లలో 2009లో కాంగ్రెసు పక్షమునను, 2012 ఉపయెన్నిక మొదలు 2019 వఱకు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునను వరుసగా నాలుగుమార్లు గెలిచిన పిన్నెల్లి రామకృష్ణారెడ్డిగారు అయిదవమారు జూలకంటి బ్రహ్మానందరెడ్డిగారి చేతిలో ఓడిరి. గెలిచినవారును ఓడినవారును ఒక్క కులమువారే. కులమే యంతయు నిర్ణయించునని చెప్పు జ్యోతిష్కులు ఇచ్చట నేమి చెప్పుదురు?

ఈ లెక్కలనుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: నాయకులకు సిద్ధాంతమనునది చొక్కా వంటిది, మాసినప్పుడు మార్చెదరు. రెండవది ఇంతకంటె ముఖ్యము: పలనాటి సామాన్య జనుడు ఎవని సొత్తును కాడు. తెరచాటున ఒంటరిగా నిలిచి మీట నొక్కునప్పుడు తనకు తోచినట్లు నొక్కుచున్నాడు. మెచ్చినవానిని నిలుపుచున్నాడు, మెచ్చనివానిని దింపుచున్నాడు. 2019లో ఒక పక్షమునకు వచ్చిన ఏడింటికేడు స్థానములు 2024లో తాఱుమాఱగుట నాయకుల వలన గాదు. ఊరిలో 'మాది ఈ పార్టీ' అని చెప్పుకొన్న యిండ్లలోని యోట్లు కొన్నియైనను ఆ యిండ్ల యజమానులకు తెలియకుండ కదలినవి. పలనాటి ప్రజాస్వామ్యము బ్రతికియున్నచో ఆ యట్టముక్క తెరచాటున మాత్రమే బ్రతికి యున్నది. తెరచాటు లేని ప్రతిచోటను అది చచ్చుచున్నది. వార్డు యేకగ్రీవములలో తెరచాటు లేదు. అందుకే అచ్చట జనవాక్యము వినబడలేదు.

ఓటు రహస్యముగ నుండవలెనను నియమము పుట్టి ఇంకను రెండు నూఱేండ్లు కాలేదు. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాయందు మొదట అమలునకు వచ్చెను. ఇంగ్లండులో 1872 వఱకు ఓటరు పదిమంది యెదుట నిలిచి తన యభ్యర్థి పేరు బిగ్గఱగ చెప్పవలసి యుండెను. భూస్వామి తన కౌలుదార్లు ఎవరి పేరు చెప్పుదురో దగ్గఱ నుండి కనిపెట్టుచుండెను. జాన్ స్టూవర్టు మిల్లు వంటి స్వాతంత్ర్యప్రియుడు సైతము ఓటు ప్రజలు నమ్మి యప్పగించిన ధర్మకార్యము గావున బహిరంగముగనే జరుగవలెనని వాదించెను. మిల్లు మహాశయుడు గొప్ప తత్త్వవేత్త యగుట నిజమే. కాని ఆయన మా జిల్లాలో కౌలుదారుగ నుండలేదు. పొలము, పని, నీళ్లవంతు, రేషను కార్డు, పింఛను, ఇన్నియు ఒకని కనుసన్నలలో నున్నవానికి బహిరంగ ధర్మము బోధించుట వానిని బలి యిచ్చుటయే. మన ప్రజాప్రాతినిధ్య చట్టము 1951లోనే ఓటు రహస్యమును కాపాడుట ఎన్నికల యుద్యోగుల విధియని శాసించెను. శాసించినవారు మన గ్రామముల నెఱిగినవారు.

ఐనను ఈ రహస్యమునకు చిల్లి పడినది. అది ఎట్లు పడెనో మన చదువరులలో పలువురకు తెలియదు గావున వివరింతుము. పూర్వము కాగితపు ఓట్లున్న కాలమున, భయపెట్టుట జరుగునని యెన్నికల సంఘము తలచిన చోట్ల, వేఱువేఱు పెట్టెలలోని కాగితములను ఒక్కచోట పోసి కలిపి లెక్కించు నేర్పాటు నియమములలో నుండెను. అప్పుడు ఏ పేట యే పక్షమునకు వేసెనో నాయకునికి తెలియు మార్గము లేదు. 2004 లోక్‌సభ ఎన్నికలనుండి దేశమంతట ఓటు యంత్రములు వచ్చెను. యంత్రములు మేలైనవే, కాని ఒక్కొక్క పోలింగు స్థానపు యంత్రమును వేఱుగ తెఱచి లెక్కించుటచే ఏ బూతులో ఎవరికి ఎన్ని యోట్లు పడెనో వేలిముద్రవలె తేటగా కనబడుచున్నది. ఒక్క బూతునకు సుమారు వేయిమంది ఓటర్లు. మన గ్రామములలో ఒక బూతనగా ఒక వాడ, రెండు పేటలు. మనిషి యోటు రహస్యమే. వాడ యోటు బట్టబయలు. పదిమంది కూలివాండ్రున్న పేటను పట్టి శిక్షింపదలచినవానికి ఇంతకంటె నేమి కావలెను?

దీనికి మందు లేకపోలేదు. పదునాలుగు యంత్రముల లెక్కను ఒక్కటిగా కూర్చి మొత్తము మాత్రమే చూపు 'టోటలైజరు' అను పరికరమును వాడుదుమని ఎన్నికల సంఘము 2008లోనే కేంద్రమునకు వ్రాసెను. 2015లో లా కమీషను తన 255వ నివేదికలో ఇది యవసరమని సిఫారసు చేసెను. కేంద్ర ప్రభుత్వ మంగీకరింపలేదు. బూతులవారీ లెక్క తెలిసినచో నాయకులు తాము వెనుకబడినచోట ఎక్కువ శ్రద్ధతో పనిచేయుదురని యొక వాదము కలదు. ఎంత చక్కని వాదము! తనకు ఓటు వేయని వాడకు ముందుగ కుళాయి వేయించిన నాయకు నెవనినైన మన జిల్లాలో చదువరులు చూచిరేని, ఆతని విగ్రహమునకు మేమే మొదటి చందా నిత్తుము.

చూచినది మఱొకటి. 2019 ఎన్నికలు ముగిసిన కొలది నెలలకే మాచర్ల, గురజాల ప్రాంతపు గ్రామములనుండి కొన్ని కుటుంబములు ఊళ్లు విడిచి గుంటూరులో శిబిరమున తలదాచుకొనెను. ఆ సెప్టెంబరు నెలలో 'చలో ఆత్మకూరు' అను పేర దుర్గి మండలములోని యొక చిన్న గ్రామము రాష్ట్రమంతట మారుమ్రోగెను. ఒక పక్షము తమవారిని తఱిమిరనెను. రెండవ పక్షము అంతకుముందు తమవారిని తఱిమినమాట యేమి యనెను. ఇరువురు చెప్పినదియు నిజమే యనుకొందము. అప్పుడు తేలిన దేమి? ప్రభుత్వము మాఱినప్పుడెల్ల ఊరు విడువవలసిన కుటుంబములు మాఱునే కాని ఊరు విడుచుట మాఱదని. 2022 జనవరిలో వెల్దుర్తి మండలము గుండ్లపాడులో తెలుగుదేశము నాయకు డొకడును, 2024 జూలైలో వినుకొండ నడివీధిలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు కార్యకర్త యొకడును హతులైరి. రెండు సందర్భములలోను ఒకరు రాజకీయ మనిరి, ఒకరు పాతకక్ష యనిరి. మా జిల్లాలో కక్ష యెక్కడ ముగిసి రాజకీయ మెక్కడ మొదలగునో చెప్పగల ధర్మాధికారి యింకను పుట్టలేదు. ఏలన, మా యూళ్లలో 'పార్టీ' యనగా సిద్ధాంతము గాదు, ముఠా.

2024 మే 13వ తేదీ పోలింగును గూర్చి విస్తరించి వ్రాయ నక్కఱలేదు. రెంటచింతల మండలము పాల్వాయిగేటులోని 202వ పోలింగు స్థానమున నాటి శాసనసభ్యుడే ఓటు యంత్రమును పాడుచేసిన దృశ్యము కెమెరాలో నమోదైనదని ఎన్నికల సంఘము ప్రకటించెను. ఆ నియోజకవర్గములో మొత్తము ఏడు స్థానములలో యంత్రములకు నష్టము కలిగినదని తెలిపెను. ఆయన జూన్ 26న అరెస్టయిరి. నేరము నిర్ణయించుట న్యాయస్థానముల పని. అంతకుముందు 2019లో సత్తెనపల్లి నియోజకవర్గము ఇనిమెట్లలో నాటి శాసనసభాపతి కోడెల శివప్రసాదరావుగారిపై పోలింగు స్థానముననే దాడి జరిగెను. 2024 పోలింగు తరువాత జిల్లాలో 144వ సెక్షను విధింపబడెను. కలెక్టరు బదిలీ అయ్యెను. పోలీసు సూపరింటెండెంటు సస్పెండయ్యెను. ఇంత జరిగియు ఆ దినమున మా నియోజకవర్గమున నూటికి ఎనుబదియైదుగురకు పైగా ఓటు వేసిరి. రాష్ట్రపు సగటు ఎనుబదిరెండునకు లోపు. కఱ్ఱల నడుమ బారులు తీరి నిలిచిన యా స్త్రీపురుషులలో ఎక్కువమంది నాయకుల కులములవారు గారు. పదవులు భూవసతిగల రెండు మూడు కులములవి. ఓట్లును గాయములును యాదవ, వడ్డెర, మాల, మాదిగ, ముసల్మాను, లంబాడీలవి. ఈ జిల్లాలో రాజకీయమునకు ఇదియే అసలైన లెక్క. దీని నే బూతులవారీ పట్టికయు చూపదు.

ఇచ్చట 'పలనాటి పౌరుషము' అను వాదము ముందునకు వచ్చును. ఈ గడ్డ వీరుల గడ్డయట. ఇచ్చటి నీరు త్రాగినవానికి రోషము సహజమట. పండ్రెండవ శతాబ్దమున గురజాల యొకటి, మాచర్ల యొకటి రాజధానులై, ఒక్క వంశమువారే రెండు పక్షములై, కోడిపందెముతో రాజుకొన్న వైరమున కారెంపూడి రణరంగమున నశించిరని మనకందఱకు తెలియును. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో వీరారాధన జరుగుచున్నది. జరుగవలసినదే. కాని ఆ కథ గర్వముకొఱకు చెప్పిన కథయా, హెచ్చరికకొఱకు చెప్పిన కథయా? ఆ యుద్ధమువలన రెండు రాజ్యములలో నొకటియు బాగుపడలేదు. బ్రహ్మనాయని కీర్తి ఆయన కత్తివలన నిలువలేదు. అన్ని కులములను ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టిన చాపకూటివలన నిలిచినది. 2024లో పోలింగు మఱునాడు ఆ కారెంపూడిలోనే దాడులు జరిగెను. నాయకులు కత్తిని మాత్రము జ్ఞాపక ముంచుకొని చాపను మఱచిరి.

పౌరుషమునకు మఱొక యుదాహరణము మించాలపాటి కన్నెగంటి హనుమంతు. అడవిలో పశువుల మేపునకు ప్రభుత్వము విధించిన పుల్లరిని కట్టమని ఊరిని నిలిపి, 1922లో పోలీసు తుపాకి గుండ్లకు ప్రాణము లర్పించెను. ఆ ఊరి ఐకమత్యమును ఏకగ్రీవ మనిన మేమును ఒప్పుకొందుము. ఏలన అది బలవంతుని కెదురుగ బలహీనులు చూపిన ఐకమత్యము. నేటి యేకగ్రీవము బలవంతునికొఱకు బలహీనుల మెడలు వంచినది. రెండింటికిని ఒక్క పేరు పెట్టుట హనుమంతునకు ద్రోహము.

ఇంతవఱకు నాయకులను, చట్టములను గూర్చి చెప్పితిమి. ఇక ఈ పత్రికను చదువు విద్యావంతుల గృహములను గూర్చి చెప్పక తప్పదు. ఎన్నికల వేళ మధ్యవర్తి వచ్చి వాకిట నిలిచి యడుగు మొదటి ప్రశ్న యేమి? "మీ యింట నెన్ని యోట్లు?" అని. యజమాని "నాలుగు" అనును. ఆ నాలుగింటిలో ఒకటి భార్యది, ఒకటి కోడలిది, ఒకటి పందొమ్మిదేండ్ల కుమార్తెది. వారి నెవరును అడుగరు. ఇత్తడిబిందెల వలె, ఎడ్లజతల వలె ఓట్లను ఇంటి యాస్తిలో లెక్కించుట విద్యావంతుల యిండ్లలోను జరుగుచున్నది. తరగతిలో పదేండ్ల బాలురు "మాది ఫలాని పార్టీ" అని తమ యింటిపేరు చెప్పినంత నిశ్చయముగ చెప్పుట మేము ఏటేట వినుచున్నాము. ఎందుకని అడిగిన "మా నాన్నది అదే" అందురు. తల్లి యే పార్టీ యని అడిగిన నవ్వుదురు. ఆ నవ్వులోనున్న దుఃఖమును సంస్కరణప్రియులు గుర్తింపవలెను.

1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు నొసంగు తీర్మానము చేసినప్పుడు, బ్రిటిషు పాలనలోని రాష్ట్రములలో అదియే మొదటిదని మనవారు గర్వించిరి. 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలు వ్రాయునప్పుడు, ముఖ్యముగ ఉత్తరాదిని, పలువురు స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి యని మాత్రమే చెప్పగా, అట్లు సుమారు 28 లక్షల పేర్లు జాబితాలకెక్కకపోయెను. నేడు స్త్రీల పేర్లు జాబితాలలో చక్కగ అచ్చుపడుచున్నవి. అభిప్రాయములు మాత్రము ఇంకను ఫలానివాని భార్యగనే యున్నవి. ఊరి నాయకుడు వాడను బెదరించినచో అన్యాయ మనెదము. ఇంటి నాయకుడు భోజనమువేళ "గుర్తు మఱువకుడు" అని ఆజ్ఞాపించినచో దాని కేమి పేరు పెట్టుదము?

హైదరాబాదు, బెంగుళూరులలో ఉద్యోగములు చేయు మన బిడ్డలను గూర్చి ఒక మాట. 2024 మే నెలలో బస్సులును రైళ్లును క్రిక్కిరియునట్లు వారు ఊళ్లకు వచ్చిరి. వచ్చి ఓటు వేయుట మెచ్చదగినదే. కాని వారిలో కొందఱు సోమవారము ముఠా జెండా పట్టి ఊరేగి, ఆ రాత్రియే కారెక్కి వెడలిపోయిరి; మంగళవారపు దెబ్బలు ఊరిలో మిగిలినవారు తినిరి. సముద్రము దాటి పోయినవారు కొందఱు దూరమునుండియే ముఠాల కగ్ని రగిల్చుచున్నారు. వారు నివసించు అమెరికా నగరోపాంత వాడలలో ఎన్నికల కాలమున ఇంటి ముందటి పచ్చికలో తమ యభ్యర్థి పేరుగల పలకను నాటుట వాడుక. ఈ యింట ఒక పలక, ప్రక్కయింట దాని కెదురుపలక. అచ్చట సర్వము స్వర్గమని మేమనము. 2021 జనవరి 6న వారి శాసనసభా భవనముపై మూక పడుటను లోకము చూచినది. ఐనను పలక నాటినందుకు ఇల్లు విడిచి పోవలసిన భయము ఆ వాడలో సామాన్యముగ లేదు. అట్టి వాడలో సుఖముగ వసించుచు, తాను పుట్టిన యూరిలో ఎదురుపలకను సహింపకుండుట ఏ విద్యకు ఫలమో వారే చెప్పవలెను.

చేయదగిన దేమి? మొదటిది, ఇంటిలో: ఎవరి కోటు వేసితివని భార్యను, తల్లిని, కోడలిని, బిడ్డలను అడుగకుండుట, వారు చెప్పబోయినను వలదనుట. తెరచాటును మొట్టమొదట మన వంటింటి గడపకు కట్టవలెను. మధ్యవర్తి "ఎన్ని యోట్లు" అని యడిగిన యజమాని "నాది యొక్కటి, తక్కినవారిని వారినే యడుగుము" అనవలెను. ఈ యొక్క వాక్యమునకు చట్టము గాని, ధనము గాని అక్కఱలేదు. రెండవది, ఊరిలో: వార్డునకు గాని పంచాయతీకి గాని రెండవవాడు నామినేషను వేయ సిద్ధపడినప్పుడు, ఆతడు మన పక్షమువాడు గాకపోయినను, ఆతని వెంట పదిమంది విద్యావంతులు కార్యాలయమువఱకు నడచిపోవుట. ఉపాధ్యాయులు, ఉద్యోగులు సేవానియమములచే బద్ధులు గావున పక్షము పట్టరాదు. పింఛను పుచ్చుకొని యింట కూర్చున్నవారికి, న్యాయవాదులకు, వైద్యులకు, వర్తకులకు ఆ యడ్డంకి లేదు. ఒంటరివానిని కొట్టుట సులభము. ఊరి వైద్యుడును, న్యాయవాదియు, నలుగురు వృద్ధులును ప్రక్కనున్నవానిని కొట్టుట అంత సులభము గాదు. మూడవది, ప్రభుత్వమునెదుట: ఏకగ్రీవ నజరానాను ఎత్తివేయవలెననియు, యంత్రముల లెక్కను కలిపి చూపు పద్ధతిని తేవలెననియు ప్రతి గ్రంథాలయమునుండి, ప్రతి మహిళామండలినుండి తీర్మానములు పంపుట. దేశమంతట తెచ్చుట ఆలస్యమగునేని, మునుపు కాగితములను కలిపినట్లు, భయముగల నియోజకవర్గములలోనైనను ముందుగ తెమ్మని కోరవచ్చును. ఆ జాబితాలో మొదటి పేరు మాచర్ల దైనచో మాకు సిగ్గు లేదు.

2024లో అధికారమునకు వచ్చిన పక్షమువారు 2021 నాటి యేకగ్రీవములను నోరార నిందించిరి. ఆ నింద సత్యమని తెలుపుటకు వారికి ఒక్కటే మార్గము కలదు. పురపాలక సంఘముల పదవీకాలము అయిదేండ్లే. మాచర్లలోను, పిడుగురాళ్లలోను మఱల వార్డులకు నామినేషన్లు పిలిచిన దినమున, నిన్న బెదరించినవారి పక్షమునుండి సైతము ప్రతి వార్డునకు ఒకడు నిర్భయముగ వచ్చి కాగితము దాఖలు చేసి యింటికి నడచిపోవలెను. అరువదినాలుగు వార్డులు, వార్డునకు ఇరువురు చొప్పున నూట యిరువదియెనిమిది నామినేషన్లు. ఈసారి మా చదువరులు గెలుపోటములకంటె ముందుగ ఈ లెక్కనే చూడవలెనని మా మనవి.